ఎర్ర కారు మీది ఇత్తడి తాబేలు

బుడితి గ్రామ వాస్తవ్యుడు జగన్నాధం అరవై ఏళ్లుగా కంచరి పని చేస్తున్నాడు. ఎన్ని బిందెలు, ఎన్ని గంటలు, ఎన్ని దీపపు సెమ్మెలు పోత పోశాడో అతనికే తెలియదు. అడిగితే, "లెక్కెట్టుకోడానికి అవేటి నా పిల్లలా?" అంటాడు. వాటిలో ఒక్కదానిని మాత్రం అతడు మరువలేదు. అది ఒక మోటారు కారుకు చేసిన రేడియేటరు మూత. దానిమీద తాబేలు బొమ్మ ఉన్నది. ఆ మూత తన చేతి పనేనని ఎక్కడైనా ఒక్క పంక్తి వ్రాయించుకోవాలని డెబ్బై ఎనిమిదో ఏట అతనికి కోరిక కలిగింది. ఆ కోరిక ఏమైనదో, నాకు తెలిసినంత మేరకు, జరిగిన వరుసలో వ్రాస్తున్నాను.

శ్రీకాకుళం కలెక్టరు కచేరీ నకళ్ల విభాగంలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి విరమించినవాణ్ణి గనుక, ఈ వ్యవహారంలోని కాగితాలు చాలావరకు నా చేతి మీదుగానే నడిచాయి.

ముందుగా ఆ కారు సంగతి. ఇంగ్లండులో 1952లో తయారైన ఎం.జి. కంపెనీవారి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అది. ఎర్ర రంగు. పైకప్పు గుడ్డది, వెనక్కి మడచవచ్చు. చక్రాలకు సైకిలు చక్రాల వలె ఊచలు. విజయనగరం వైపు ఒక జనపనార మిల్లులో మేనేజరుగా ఉన్న దొర దానిని తెప్పించుకున్నాడు. స్వదేశం వెళ్లిపోతూ 1961లో శ్రీకాకుళం వర్తకులు చంద్రశేఖరం గారికి అమ్మాడు. దొర తన సరదా కొద్దీ కారుకు కొన్ని అదనపు సామాన్లు బిగించుకొని ఉన్నాడు. ముందు బంపరు మీద క్లబ్బుల బిళ్లలు తగిలించుకొనే తళతళలాడే కడ్డీ, పొగమంచులో దారి చూపే పసుపు దీపాలు రెండు, వెనుక పెట్టె కట్టుకొనే చట్రం. ఇవి కారు చేసిన కంపెనీవి కావు. వేరే కంపెనీలవారు ఆ రోజుల్లో బొమ్మల కేటలాగులు అచ్చువేసి అమ్మినవి. పాత కార్లను బాగుచేయించుకొనే శ్రీమంతులు ఈనాడు ఇంజనుకంటె ఇటువంటి సామాన్లకే ప్రాణం పెడతారని, అవి ఆ కాలానివేనని ఋజువు ఉంటే కారు గౌరవం రెట్టింపవుతుందని నాకు తరువాత తెలిసింది.

1968లో డోలోత్సవానికి చంద్రశేఖరం గారు భార్యతో ఆ కారులో శ్రీకూర్మం వెళ్లారు. దర్శనం చేసుకొని వచ్చేసరికి రేడియేటరు మూత లేదు. దారిలో ఎక్కడ ఊడి పడిందో తెలియదు. చుట్టిన తుండుగుడ్డ కుక్కి, ఆగి ఆగి నీళ్లు పోసుకుంటూ ఇల్లు చేరారు. మరునాడే లండన్‌లోని సామాన్ల కంపెనీకి, అలంకారపు మూత ఒకటి పంపవలసినదని ఉత్తరం వ్రాశారు. విదేశీ సరుకుకు అనుమతి దొరకని రోజులవి. దిగుమతుల కార్యాలయం నుంచి మూడు నెలలకు నిరాకరణ వచ్చింది. అప్పుడాయన బుడితికి కబురు పెట్టారు.

జగన్నాధానికి ఆనాడు ఇరవై ఒక్క ఏళ్లు. అతని తండ్రి, "బళ్ల పని మనది కాదురా, మాటొస్తాది, ఒగ్గీ" అన్నాడు. కొడుకు వినలేదు. మైనం ముద్ద ఒకటి పట్టుకొని శ్రీకాకుళం వచ్చి, రేడియేటరు మూతికి దానిని అదిమి అచ్చు తీసుకున్నాడు.

"మూత మీద ఏ బొమ్మ పెడతావురా? దొరలు గద్దలూ గుర్రాలూ పెట్టుకుంటారు" అని చంద్రశేఖరం గారు అడిగారు.

"పోయింది కూర్మనాథుడి తోవలో గదా బాబూ. ఆయన్నే ఎడదాం."

"పరుగెత్తే కారుకు తాబేలేమిటిరా!"

"బేగి ఎల్తే ఏటుంది బాబూ? సేరాల గదా."

ఆ మాటకు చంద్రశేఖరం గారు చాలాసేపు నవ్వారని, తరువాత ఎవరు కారెక్కినా వారికి ఆ మాట చెప్పేవారని విన్నాను.

మూడు పోతలు పాడైనవి. నాలుగోది కుదిరింది. డిప్ప మీద పదమూడు పలకలు, ముందుకు చాచిన మెడ, నేలను పట్టుకున్నట్లున్న నాలుగు కాళ్లు. నోటిలో సూది దూరేంత బెజ్జం ఒకటి పెట్టాడు. ఇంజను కాగినప్పుడు ఆవిరి లోపల బిగిసి మూతను ఎగజిమ్మకుండా ఆ బెజ్జం గుండా పోవాలని అతని ఆలోచన. అందువల్ల ఎండాకాలంలో తాబేలు నోట పొగ వచ్చేది. దానిని చూడటానికే జనం గుమికూడేవారు.

మూత అడుగున అతడు చుక్కల అక్షరాలతో పేరు చెక్కాడు. చంద్రశేఖరం, శ్రీకాకుళం, 1968 అని. తన పేరు చెక్కలేదు. ఇది వినయం వలన కాదు. పాత్ర మీద పేరు దానిని వాడుకొనే ఇంటిది, చేసిన చేతిది కాదు అన్నది అతడు పెరిగిన కొలిమి నియమం. పెళ్లి బిందెల మీద పెళ్లికూతురు పేరు, గంట మీద దానిని ఇచ్చిన దాత పేరు ఉంటాయి. కంచరి పేరు ఎక్కడా ఉండదు. ఉండాలని జగన్నాధం కూడా ఆనాడు అనుకోలేదు.

చంద్రశేఖరం గారు గతించిన తరువాత ఆ కారు 1984 నుంచి గోదాములో బస్తాల వెనుక పడి ఉన్నది. ఆయన మనుమడు ఉపేంద్ర భోగాపురంలో విమానాశ్రయం వస్తున్నదని ఆ దారిలో పెద్ద హోటలు కట్టిస్తున్నాడు. హోటలు ముందు హాలులో తాతగారి కారును నిలబెట్టాలని సంకల్పించి, దానిని విజయనగరం శివారులో పాత కార్లను బాగుచేసే మురళీమోహన్‌కు అప్పగించాడు. తాతగారి ఉత్తరాల కట్ట తెచ్చి, వరుసలో పెట్టి నకళ్లు తీయవలసిందని నన్ను కోరాడు. మా రెండు కుటుంబాలకు పాత స్నేహం. నేను ఒప్పుకున్నాను.

గోదాములోంచి కారును బయటికి తీసేటప్పుడు దూలం ముక్క ఒకటి తగిలి తాబేలు వెనుక కాలు విరిగింది. దానిని అతికించగలవారి కోసం మురళీమోహన్ బుడితి బయలుదేరాడు. మూత అడుగున ఉన్న అక్షరాలు చూసినప్పటి నుంచి నాకొక అనుమానం ఉండటంతో నేనూ అతని జీపులో వెళ్లాను.

కొలిమి ముందు కూర్చున్న జగన్నాధం చేతిలో మురళీమోహన్ ఆ మూతను పెట్టాడు. "మావా, ఇది సీమ సరుకు. కాలు అతికించగలవేటి?"

జగన్నాధం మూతను తిరగవేసి, అడుగు భాగానికి నోరు ఆనించి ఊదాడు. తాబేలు నోట్లోంచి సన్నని ఈల వచ్చింది.

"అదేటి మావా! అందులో ఈల ఉన్నాదని నీకెలా తెల్సు?"

"బెజ్జం ఎట్టినోడికి తెల్దేటి?" అన్నాడు జగన్నాధం. తరువాత లోపలికి తిరిగి కేక వేశాడు. "ఒసే గున్నా! నా తాబేలొచ్చిందే!"

అతని భార్య గున్నమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మూత వంక, మొగుడి వంక చూసింది. "మనువయినకాడి నుంచీ ఇంటన్నాను, తాబేలు తాబేలని. నాను కలనుకున్నాను. నిజంగానే ఉన్నాదేటి?"

నా అనుమానం అక్కడ తీరింది. 1976లో మా పెళ్లికి వచ్చిన బిందె మీద నా భార్య హైమవతి పేరు ఇతని చేతిదే. ఇతడు తలకట్టును ఐదు చుక్కలతోనే వేస్తాడు, నాలుగో చుక్క మిగిలినవాటికంటె లోతుగా దిగుతుంది. ఇరవై వేల దస్తావేజులకు నకళ్లు వ్రాసినవాడికి ఒక చేతివ్రాత గుర్తుపట్టడం పెద్ద విద్య కాదు. మూత అడుగున ఉన్న పేరులోనూ నాలుగో చుక్కలు లోతుగానే ఉన్నవి.

హోటలు సంగతి, కారు పక్కన పెట్టబోయే పలక సంగతి చెప్పి మురళీమోహన్ కూలి మాట ఎత్తగానే జగన్నాధం చెయ్యి అడ్డంగా ఊపాడు.

"కూలొద్దు గానీ, ఆ ఓటేలులో కారు పక్కన పలకేదో ఎడతారన్నావు గదా. ఏ సామాను ఎక్కడిదో రాత్తారన్నావు. తాబేలు కాడ నా పేరు రాయించు. అంతే."

గున్నమ్మ పకపక నవ్వింది. "సూడండి బాబూ ఈయన సోద్యం! ఊల్లో ఆడోల పేర్లన్నీ బిందెల మీద సెక్కాడు. నా పేరు ఒక్క సెంబు మీద సెక్కమంటే, ఇంట్లో సెంబుకి పేరెందుకే, ఎవులెత్తుకుపోతారు అన్నాడు. ఇప్పుడు ఈయన పేరు గావాలట!"

"అది ఏరు, ఇది ఏరు."

"ఏటి ఏరు?"

"ఆ బిందెలు ఇంకోడూ సేత్తాడే. నాను సేసినట్టే ఉంటాయి. ఇది ఇంకోడు సెయ్యనేదు." మూతను ఒళ్లో పెట్టుకొని, "సచ్చేలోగా ఒక్కదాని మీదైనా ఉంటే ఏటి పోయింది" అన్నాడు.

మురళీమోహన్ అక్కడి నుంచే ఉపేంద్రకు ఫోను చేశాడు. ఉపేంద్ర సంతోషంగా ఒప్పుకున్నాడు. "అదెంత పని తాతా! అసలు ఆ పలక కూడా నువ్వే చెక్కు. ఇంగ్లీషుది మిషను మీద చేయిస్తాం. తెలుగుది చేతి పని అయితే లోకల్ టచ్ ఉంటుంది" అన్నాడు. రెండు రోజులలో మందపాటి ఇత్తడి రేకు, దానితోపాటు అరటిపళ్లు, తమలపాకులు, వక్కలు పంపాడు. జగన్నాధం తాంబూలం అందుకొని రేకును దేవుడి గూటి కింద పెట్టించాడు. తాంబూలం అందుకున్న పనిని ఆ ఇంట్లో వెనక్కి పంపరు. అతని తండ్రి జ్వరంతో పడి ఉండి కూడా ఒక గంట పోత పూర్తిచేశాడని చెబుతారు.

పలక మీద చెక్కవలసిన మాటలు తరువాత పంపుతామన్నారు.

వారం రోజులకు తాబేలు కాలు అతుక్కున్నది. వెలిగారం వేసి కాచిన అతుకు ఎక్కడ ఉన్నదో భూతద్దంతో చూసినా తెలియదు. జగన్నాధమే దానిని కొత్త తువ్వాలులో చుట్టుకొని, నరసన్నపేటలో బస్సు మారి, విజయనగరం వెళ్లి మురళీమోహన్‌కు ఇచ్చాడు. నేను ఆనాడు కాగితాల పని మీద అక్కడనే ఉన్నాను.

తువ్వాలు విప్పిన మురళీమోహన్ ముఖం పాలిపోయింది.

"మావా! ఏటి సేసినావు?"

"కాలతికించినాను."

"అది కాదు మావా. దీని రంగేటయింది?"

తాబేలు అప్పుడే అచ్చు పగులగొట్టి తీసిన దానివలె పచ్చగా మెరిసిపోతున్నది. డిప్ప మీది గీతలలో యాభై ఏడేళ్లుగా పేరుకున్న నలుపు, కాళ్ల సందులలో పట్టిన చిలుము, అడుగున అక్షరాల చుట్టూ ఉన్న ఆవిరి మరకలు పూర్తిగా పోయాయి.

"తోమినాను" అన్నాడు జగన్నాధం. "సింతపండెట్టి ఒకపాలి, ఇటికపొడెట్టి ఒకపాలి, బూడిదెట్టి ఒకపాలి. గున్న సేతులు ఒరుసుకుపోయినాయి."

"నీకెవులు తోమమన్నారు మావా?"

"తోమకుండా కొలిమిలోంచి వస్తువు బయటికిచ్చే కంచరి ఎవడ్రా? మురికితో ఇత్తే నలుగురూ ఏటంటారు?"

మురళీమోహన్ తల పట్టుకొని కూర్చున్నాడు. పాత కార్ల వ్యవహారంలో ఆ నలుపే వయసుకు సాక్ష్యమట. రంగు వెలిసినా, చిలుము పట్టినా దానిని తాకకూడదట. అతికించమన్నాడే తప్ప, తోమవద్దని చెప్పాలని అతనికి తోచలేదు. బుడితిలో ఆ మాట ఎవరికీ తోచదు. జగన్నాధం మాత్రం తన పనికి మెప్పు రాలేదే అన్న బాధతో బస్సు ఎక్కాడు.

తరువాతి నెలలో పాత కార్ల క్లబ్బు తరఫున ఒక పరీక్షకుడు హైదరాబాదు నుంచి వచ్చాడు. ఆయన సంతకం పెట్టిన ధ్రువపత్రం ఉంటేనే హోటలులో కారుకు విలువ అని ఉపేంద్ర పట్టుదల. తన పేరు పలకకు ఎక్కే రోజు అదేననుకొని జగన్నాధం ఉతికిన పంచె కట్టుకొని, పిలవకుండానే వచ్చాడు. పరీక్షకుడు మర్యాదస్థుడు. కడ్డీని, దీపాలను, సామాను చట్రాన్ని ఒక్కొక్కటిగా పాత కేటలాగు బొమ్మలతో సరిచూసి, ఆ కాలపువేనని వ్రాసుకున్నాడు. తాబేలు దగ్గర ఆగిపోయాడు.

"ఇది కొత్తది కదండీ."

"కొత్తది కాదు బాబూ" అని జగన్నాధం ముందుకు వచ్చాడు. "నానే సేసినాను. పెదబాబుగోరు ఉన్నప్పుడు. యాభై ఏడేళ్లయింది."

"మీరు చేశారా?" పరీక్షకుడు అతన్ని, తాబేలును మార్చి మార్చి చూశాడు. "పెద్దాయనా, ఇది చూస్తే మొన్న చేసినట్టుంది."

"తోమినాను గదా బాబూ."

పరీక్షకుడు ఉపేంద్ర వైపు తిరిగి మృదువుగా చెప్పాడు. "చూడండి, ఇది ఇక్కడ చేసినదైతే స్థానిక మార్పు కిందకి వస్తుంది. తీసేసి మామూలు మూత పెట్టాలి, లేదంటే కారు కింది తరగతికి పోతుంది. అలాకాక ఆ రోజుల్లో ఇంగ్లండు నుంచి వచ్చిన సామానని కాగితం ఏదైనా ఉంటే అది వేరే సంగతి." తరువాత తాబేలు నోటిలోకి దీపం వేసి చూశాడు. "ఈ ఆవిరి రంధ్రం మాత్రం గమ్మత్తుగా ఉంది. ఇంజనీరింగు తెలిసినవాళ్ల పని. అక్కడివాళ్లు ఇలాంటివి ఆలోచిస్తారు."

"ఆ బెజ్జం..." అని జగన్నాధం మొదలుపెట్టాడు. మురళీమోహన్ అతని మోచెయ్యి పట్టుకొని, "మావా, టీ తాగుదూ రా" అని బయటికి తీసుకుపోయాడు.

ఆ సాయంత్రం ఉపేంద్ర మా ఇంటికి వచ్చాడు. నేను వరుసలో పెట్టిన ఉత్తరాల కట్ట విప్పి, చంద్రశేఖరం గారు లండన్ కంపెనీకి వ్రాసిన ఉత్తరం ప్రతిని బయటికి తీశాడు. అలంకారపు మూత ఒకటి పంపవలసినది అని అందులో స్పష్టంగా ఉన్నది. దాని వెనుకనే దిగుమతుల కార్యాలయం వారి నిరాకరణ ఉన్నది. ఉపేంద్ర రెండూ చదివాడు.

"దీనికి ఒక మంచి నకలు తీసి పెట్టండి బాబాయ్ గారూ" అని మొదటి ఉత్తరం నా ముందు పెట్టాడు. రెండవదానిని మడచి జేబులో పెట్టుకున్నాడు.

"జగన్నాధానికి మాట ఇచ్చావు" అన్నాను.

"నేను కాదన్నానా? మా ఇంటిల్లిపాదికీ తెలుసు ఆ తాబేలు తాతే చేశాడని. కాగితం మీదనే కదా వేరుగా ఉండేది. కాగితానిదేముంది!"

ముప్పై నాలుగేళ్లు కాగితాల మధ్య బ్రతికినవాణ్ణి నేను. ఆ మాటకు సమాధానం చెప్పవలసినది. చెప్పలేదు. ఉత్తరానికి నకలు తీసి, ఎప్పటివలెనే అసలుతో సరిచూసి, ఇచ్చాను. నేను తీసిన నకలులో అబద్ధపు అక్షరం ఒక్కటి లేదు. రెండవ ఉత్తరానికి నకలు తీయమని నన్నెవరూ అడగలేదు. నేను తీయలేదు.

వారం తరువాత జగన్నాధం మా ఇంటికి వచ్చాడు. మురళీమోహన్ దాచలేక అతనికి చెప్పివేశాడట. వీధి అరుగు మీద కూర్చొని చాలాసేపు మా ఇంటి బిందె వంక చూశాడు.

"నాకో అర్జీ రాసి ఎట్టండి పంతులుబాబూ."

వ్రాశాను. నా చేతితో వ్రాసిన అర్జీలన్నింటిలో అంత శ్రద్ధగా మరొకటి వ్రాసి ఉండను. మూత అడుగున ఉన్న అక్షరాలను, మా బిందె మీది అక్షరాలను పక్కపక్కన ఫొటోలు తీయించి జతపరిచాను. తలకట్టు చుక్కల లెక్క వ్రాశాను. నాలుగో చుక్క లోతు వ్రాశాను. రంధ్రం ఎందుకు పెట్టినదీ అతని మాటలలోనే వ్రాశాను. కింద అతడు సంతకం చేయబోయి, కలం పక్కన పెట్టి, నడుముకు కట్టుకున్న సంచిలోంచి ఉలి తీసి, కాగితం మీద చుక్కలు పొడిచి తన పేరు వేశాడు. కాగితం మీద అతనికి అంతకంటె మంచి వ్రాత లేదు.

నేను వ్రాయగలిగీ వ్రాయనిది ఒక్కటే, ఆ నిరాకరణ ఉత్తరం సంగతి. అది ఉపేంద్ర జేబులో ఉన్నది. దానిని నేను చూశానని వ్రాస్తే నేనే సాక్షిగా నిలబడాలి. రెండు కుటుంబాల స్నేహం గుర్తుకు వచ్చింది. సాక్ష్యాలలో అదే బలమైనది. ఆ ఒక్కటి లేకుండా మిగిలినవన్నీ వ్రాశాను.

అర్జీకి పరీక్షకుడి నుంచి మర్యాదగా సమాధానం వచ్చింది. మూత అడుగున ఉన్న తెలుగు అక్షరాలు సదరు జగన్నాధం గారివే కావచ్చుననీ, విదేశం నుంచి వచ్చిన వస్తువుల మీద యజమానులు స్థానికంగా పేర్లు చెక్కించుకొనడం ఆ ప్రాంతంలో వాడుక అని తెలియవచ్చినదనీ, కనుక దానివలన వస్తువు తయారీ ఋజువు కాదనీ అందులో ఉన్నది. నేను జతపరిచిన బిందె ఫొటోయే ఆ వాడుకకు ఉదాహరణగా చూపబడినది.

నేను చదివి వినిపించాను. జగన్నాధం రెండోసారి చదవమన్నాడు. చదివాను.

"అంటే, పేరు సెక్కినోడిని నానే. సేసినోడు ఇంకోడు."

"అట్లా వ్రాశారు."

"నా పేరే సెక్కుకొనుంటే?"

"ఆనాడే చెక్కి ఉంటే ఈ మాట వ్రాయడానికి వీలు ఉండేది కాదు."

అతడు తల ఊపాడు. "మా అయ్య ఉంటే సెంప పగలగొట్టీవోడు, సొంత పేరు సెక్కితే" అన్నాడు.

ధ్రువపత్రం వచ్చింది. పలక మీద చెక్కవలసిన మాటలు కూడా వచ్చాయి. ఉపేంద్ర వాటిని శుద్ధప్రతి వ్రాసి బుడితికి చేర్చవలసినదిగా నన్నే కోరాడు. కడ్డీ, దీపాలు, చట్రం ఏ ఏ కంపెనీలవో వరుసగా ఉన్నది. చివరి పంక్తి ఇది: "రేడియేటరు మూత, తాబేలు బొమ్మతో: చంద్రశేఖరం గారు ప్రత్యేకముగా తెప్పించినది. పేరు తెలియని లండన్ పనివాని హస్తకళ, 1968."

ఆ కాగితం పట్టుకొని బుడితి వెళ్లాను. పోస్టులో పంపవచ్చు. కానీ పంపలేదు. కొలిమి దగ్గర చదివి వినిపించాను. మొదట గున్నమ్మే నోరు విప్పింది.

"ఆ రేకు ఆల మొగాన కొట్టు. మిసను మీద సెక్కించుకోమను."

"తాంబూలం తీసుకున్నాను గదే."

"ఆ వక్కలు నాను నమిలి నెలలయింది. తిరిగియ్యడానికి ఇంకేటి మిగిలింది? ఒగ్గీ!"

"తీసుకున్నాను గదా" అన్నాడతడు మళ్లీ, అదే గొంతుతో. తరువాత నన్ను అడిగాడు. "పంతులుబాబూ, ఇందులో ఓ అచ్చరం నాను మార్సితే?"

"మార్చకూడదు. ఇచ్చినది ఇచ్చినట్లు చెక్కాలి. నా పనిలోనూ అంతే."

"ఔను. మీ పనిలోనూ అంతే" అన్నాడు జగన్నాధం. ఆ మాటలో నిందగానీ, వెటకారంగానీ లేవు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

పన్నెండు రోజులు పట్టింది. నేను మళ్లీ వెళ్లాను. సరిచూడటానికని చెప్పాను. పలకను మోకాళ్ల మీద నిలబెట్టి పట్టుకున్నాడు. నేను శుద్ధప్రతిని చదువుతుంటే అతడు వేలితో చుక్కల వెంట నడిచాడు. చివరి పంక్తి వద్ద కూడా అతని వేలు ఆగలేదు. "పేరు తెలియని" అన్నచోట తలకట్టుకు ఐదు చుక్కలు ఉన్నవి. నాలుగోది లోతుగా ఉన్నది. కారు హోటలులోకి చేరిన తరువాత ఎవరైనా మూత విప్పి తిరగవేసి, పక్కనే ఉన్న పలకతో సరిచూస్తే రెండూ ఒక్క చేతివని తెలుస్తుంది. ఎవరు విప్పుతారు?

"సరిగ్గా ఉన్నాదా బాబూ?"

"ఉన్నది. అక్షరం తేడా లేదు."

"ఉంటాది."

పలకను పాత వార్తాపత్రికలో చుట్టబోతుంటే అప్పుడు గమనించాను. రేకు అంతా మసిగా ఉన్నది. చెక్కేటప్పుడు పూసిన నూనె, పట్టిన పొగ, వేళ్ల మరకలు అన్నీ దానిమీదనే ఉన్నవి. గూటిలో చింతపండు ముద్ద నానబెట్టినది నానబెట్టినట్లే ఉన్నది. గున్నమ్మ దాని పక్కన కూర్చొని మొగుడి వంక చూస్తున్నదిగానీ చెయ్యి కదపడం లేదు.

"తోమలేదే" అన్నాను.

"తోమితే నా వస్తువవుద్ది బాబూ." అతడు పురికొస బిగించి ముడివేశాడు. "ఇది నాది కాదు. ఆల మురికి ఆలే తోముకుంటారు."

అరవై ఏళ్లలో ఆ కొలిమి నుంచి తోమకుండా బయటికి వెళ్లిన మొదటి వస్తువు అది. జగన్నాధం చేయగలిగిన తిరుగుబాటు అంతే. బుడితిలో ఏ కంచరి చూసినా దానిని చెంపదెబ్బగా గుర్తిస్తాడు. నేనూ గుర్తించాను. ఉపేంద్ర ముఖం చూడాలని, ఆ పలకను నేనే భోగాపురం తీసుకొనిపోయాను.

హాలులో కారు సిద్ధంగా నిలబడి ఉన్నది. వెలిసిన ఎర్రరంగు మీద పచ్చని తాబేలు మెడ చాచి ఉన్నది. ఉపేంద్ర పురికొస తెంపి, కాగితం విప్పాడు. పలకను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. అతని ముఖం విప్పారింది.

"అబ్బ! ఏమి చేశాడండీ తాత! చూడండి ఆ నలుపు. వందేళ్ల దానిలా ఉంది. ఇప్పటికి అర్థమయిందన్నమాట ఆయనకి." మేనేజరును పిలిచి, దానిని తుడవవద్దని, గుడ్డ కూడా తగలనీయవద్దని ఆజ్ఞాపించాడు. తరువాత నాతో అన్నాడు. "బాబాయ్ గారూ, గదుల తలుపులకి అంకెల పలకలు నలభై కావాలి. ఇలాగే, ఏమీ తోమకుండా చెయ్యమని తాతకి చెప్పండి. తాంబూలం రేపే పంపిస్తాను."

ఆ కబురు చెప్పడానికి నేను మళ్లీ బుడితి వెళ్లవలసి వచ్చింది. జగన్నాధం ఇత్తడి కరిగే మూస కింద బొగ్గులు ఎగదోస్తున్నాడు. ఉపేంద్ర అన్న మాటలు ఉన్నవి ఉన్నట్లు చెప్పాను. దేనినీ తగ్గించలేదు. గున్నమ్మ చేతిలోని చేట కింద పెట్టింది.

జగన్నాధం బొగ్గులు సర్దడం ఆపలేదు. మంటవైపే చూస్తూ అన్నాడు.

"మంచిదే. సింతపండు మిగుల్తాది."